బెల్లం వాసన పట్టింది నేను కాదు

2022 వేసవి. యానాం నుంచి అడవిపొలం వెళ్ళే రోడ్డులో, ఒక మేత దుకాణం పక్కన, మూడు గదుల ఆక్వా ల్యాబ్‌కి నేను ఇన్‌ఛార్జిని. రొయ్యల రైతులు చెరువు నీళ్ళు తెచ్చి ఇస్తే పరీక్ష చేసి, చెరువు ఎలా ఉందో కాగితం మీద రాసి ఇవ్వడం మా పని. మనిషికి రక్తపరీక్ష ఎలాగో చెరువుకి ఇది అలాగ. అప్పటికి ఆ పనిలో నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం.

ఈ చుట్టుపక్కల రైతులు నన్ను ‘బాటిల్ సారు’ అంటారు. యానాంలో ఆ పేరు వింటే పొరుగూరివాళ్ళు నవ్వుకుంటారు. ఇక్కడ మందు చవక కాబట్టి వేరే అర్థం తీస్తారు. అసలు సంగతి అది కాదు. శాంపిల్ నీళ్ళు ఏ సీసా దొరికితే ఆ సీసాలో తేకూడదు, ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన సీసాలోనే తేవాలి అనే పద్ధతి ఈ ప్రాంతంలో మా దగ్గరే మొదలైంది. ఆ అవసరాన్ని కనిపెట్టింది నేనేనని అందరూ అనుకుంటారు. దానికి నాకు ఒక సభలో శాలువా కూడా కప్పారు. ఆ శాలువా మా బీరువాలో ఇప్పటికీ ఉంది.

కనిపెట్టింది నేను కాదు. మా ల్యాబ్‌లో గాజుసామాను కడిగే నూకరత్నం. ఆ మాట నేను ఆ సభలోనే చెప్పవలసింది. చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, అంతకుముందు ఆవిడకి ఇంకా పెద్ద అన్యాయం చేశాను. ఆ వరస అంతా ఇక్కడ రాస్తున్నాను.

నూకరత్నానిది ఫరంపేట. భర్త ఆటో నడుపుతాడు. పదో తరగతి పాసై చదువు ఆపేసింది. అప్పటికి ముప్పై అయిదేళ్ళు ఉండవచ్చు. పొద్దున్నే వచ్చి సింకు దగ్గర నిలబడి, రైతులు తెచ్చిన సీసాలూ మా గాజు పళ్ళేలూ కడిగి, ఆటోక్లేవ్‌లో పెట్టడం ఆవిడ పని. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. ఆవిరి ఒత్తిడితో సామానులో ఏ క్రిమీ మిగలకుండా చేస్తుంది.

రొయ్యల రైతుకి నిద్ర పట్టనివ్వని పేరు విబ్రియో. అదొక బ్యాక్టీరియా. చెరువులో కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. మితిమీరితే రొయ్య చచ్చిపోతుంది. అది ఎంత ఉందో చూడటానికి మేం ‘ప్లేట్ పోస్తాం’. గాజు పళ్ళెంలో మీడియా పోస్తాం. మీడియా అంటే బ్యాక్టీరియాకి పెట్టే తిండి, జున్నులా గడ్డకడుతుంది. దాని మీద రవ్వంత చెరువు నీళ్ళు రాసి ఒక రోజు వెచ్చగా ఉంచితే, మర్నాటికి బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ చుక్కల్ని లెక్కపెడతాం. ఆకుపచ్చ చుక్కలు ఎక్కువగా కనిపిస్తే రైతుకి చెడ్డ కబురు. ఇదంతా లోపలి గదిలో జరుగుతుంది. దాన్ని కల్చర్ రూమ్ అంటాం. బయటి దుమ్ము, గాలి పడకుండా దానికి గాజు తలుపు ఉంటుంది.

నూకరత్నం నన్ను రెండుసార్లు అడిగింది.

“సార్, నాకూ ప్లేట్ పొయ్యడం నేర్పండి సార్. ఆ పళ్ళేలు కడిగేది నేనే కదా. అందులో ఏం పండుద్దో నాకూ తెలియాలి కదండి.”

“నీకెందుకమ్మా అదంతా? నీ పని నువ్వు చూసుకో.”

“చూసుకుంటానండి. అది నేర్చుకుంటే ఈ పని పాడైపోద్దాండి?”

నేను కంప్యూటర్ వైపు తిరిగి పని ఉన్నట్టు నటించాను. ఆవిడ సింకు దగ్గరికి వెళ్ళిపోయింది. రెండోసారి అడిగినప్పుడు ఆ మాత్రం జవాబు కూడా చెప్పలేదు.

దీనికి ఒక కారణం ఉంది. సాకుగా చెప్పడం లేదు. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక టెక్నీషియన్‌కి నాకు తెలిసిందంతా నేర్పాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి అతను ఎదుటి రోడ్డులో సొంత ల్యాబ్ పెట్టుకున్నాడు. మా రైతులు కొందరు అటు వెళ్ళారు. ఆ రోజు నుంచి కల్చర్ రూమ్ తాళంచెవి నా జేబులో ఉండేది. మీడియా కలిపే పాళ్ళు నా సొంత నోటుపుస్తకంలో ఉండేవి. కొత్తగా ఎవరు చేరినా సగం పని నేర్పి, మిగతా సగం నేనే చేసేవాణ్ణి. నేర్పితే పోతారు అన్నది నా సిద్ధాంతం. నేర్పకపోయినా పోయేవారు. ఏడాది తిరక్కుండా విసుగెత్తి పోయేవారు. వాళ్ళకి నిలకడ లేదని తిట్టుకునేవాణ్ణి.

ఆ వేసవిలో సత్తిబాబు అనే రైతు వచ్చాడు. గోదావరి అవతల ఊరివాడు, ఇక్కడ చెరువు కౌలుకి తీసుకున్నాడు. నీళ్ళు ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు ప్లేట్ తీస్తే ఆకుపచ్చ చుక్కలు లెక్కకి అందనంతగా ఉన్నాయి. చెరువు ప్రమాదంలో ఉందని రాసి సంతకం పెట్టాను. ఏం చెయ్యమంటారని ఫోన్ చేస్తే, ఆలస్యం చెయ్యకుండా పట్టుబడి చేసుకో అన్నాను. పట్టుబడి అంటే వల వేసి రొయ్యల్ని తీసేయడం. రొయ్య ఇంకా ఎదగలేదు. అయినా పూర్తిగా పోవడం కంటే నయం కదా అన్నాను.

మూడో రోజు సత్తిబాబు మా గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విప్పలేదు.

“మాస్టారూ, మీ పేపరు చూసి చెరువు పట్టించేసేనండి. వల లాగుతుంటే రొయ్య టపటపా ఎగురుతుందండి! జబ్బు రొయ్య అలాగ ఎగురుద్దాండి?”

“ఒక్కోసారి పైకి తెలియదు సత్తిబాబూ.”

“మా బావ అదే రోజు అదే చెరువు నీళ్ళు ఇంకో ల్యాబ్‌లో ఇచ్చేడండి. ఆ పేపరు నిన్న సాయంత్రం వచ్చింది. చుక్క లేదంట. ఇదిగో.”

“వాళ్ళదే తప్పు కావచ్చు కదా.”

“మీరూ మీరూ ఏదో ఒకటి తేల్చుకోండి మాస్టారూ. రొయ్య తప్పయితే కాదు కదండి. ఇంకో ఇరవై రోజులుంచితే అది ఎంతయ్యేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.”

ఆ నెలలో అలాంటి అనుమానం వచ్చిన రిపోర్టులు అంతకుముందే రెండు ఉన్నాయి. ఆ సాయంత్రం మా ఓనరు వచ్చారు. తప్పు ఎక్కడ జరిగిందని అడిగారు.

“గాజుసామాను సరిగ్గా కడగడం లేదనుకుంటా సార్. పళ్ళేల్లోనే క్రిములు ఉండిపోయి ఉంటాయి,” అన్నాను.

నాకు ఏ ఆధారమూ లేదు. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నేనూ అలా అనుకోలేదు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. ల్యాబ్‌లో నాకంటే కింద, తిరిగి మాట్లాడలేని చోట ఉన్నది ఆవిడే.

“అయితే ఒకటో తారీఖు నుంచి రావద్దని చెప్పెయ్యండి. ఇంకొకర్ని చూద్దాం,” అన్నారు ఓనరు.

ఒకటో తారీఖు పన్నెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే నూకరత్నానికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. బతిమాలుతుందనుకున్నాను. చేతులు తుడుచుకుని ఒకే ప్రశ్న వేసింది.

“నా పళ్ళేలు మురికని ఎలా తెలిసిందండి?”

“ఇంకేం కారణం ఉంటుందమ్మా?”

“అంటే తెలీలేదు. అనుకున్నారు.” తుడుచుకున్న గుడ్డ కొక్కేనికి తగిలించింది. “సరేనండి. పన్నెండు రోజులుంది కదా. కడుగుతాను.”

వెళ్ళి కొళాయి తిప్పింది.

ఆ తరువాత జరిగింది నేను కళ్ళారా చూసింది కాదు. ముక్కలు ముక్కలుగా తరువాత తెలుసుకున్నది. ఆ ఏడాదే మా దగ్గర ఒక టెక్నీషియన్ అమ్మాయి చేరింది. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. నేను పెద్దగా ఏమీ నేర్పేవాణ్ణి కాదు కనుక మధ్యాహ్నాలు ఆ అమ్మాయికి తోచేది కాదు. క్యారేజీ పట్టుకెళ్ళి సింకు పక్కన బల్ల మీద కూర్చుని తినేది. అక్కడ ఒక బడి నడుస్తోందని నాకు తెలియదు. ఆ అమ్మాయి క్రిముల సంగతులు చెప్పేది. నూకరత్నం సీసాల సంగతులు చెప్పేది.

సీసాల సంగతులంటే చిన్నవి కావు. ఏళ్ళ తరబడి ప్రతి శాంపిల్ సీసా ఆవిడ చేతుల్లోంచే వెళ్ళింది. డీజిల్ వాసన వేస్తే అది ఇంజను పక్కన పెట్టిన సీసా. మూత లోపల బురద ఉంటే గట్టు మీద నుంచి ఒంగి ముంచిన సీసా, మధ్యలోకి వెళ్ళి తీసింది కాదు. గోరువెచ్చగా ఉంటే బండి డిక్కీలో చాలాసేపు ఉన్న సీసా, రైతు “ఇప్పుడే ముంచేనండి” అని ఎంత ఒట్టేసినా సరే. నేను చూసేది సీసా మీద అంటించిన పేరు ఒక్కటే. నీళ్ళు తీసుకుని సీసాని సింకులోకి పంపేసేవాణ్ణి.

ఉద్యోగం పోతుందని తెలిసిన రోజు నూకరత్నం ఆ అమ్మాయిని అడిగిందట, “అమ్మాయ్, పళ్ళెం మురికో కాదో తెలుసుకునే దారేమీ లేదా మీ చదువులో?”

“ఎందుకు లేదక్కా. కంట్రోల్ ప్లేట్ ఉందిగా.”

కంట్రోల్ ప్లేట్ అంటే మీడియా మాత్రం పోసి, నీళ్ళు రాయకుండా వదిలేసిన పళ్ళెం. అందులో ఏదన్నా మొలిస్తే పళ్ళెంలోనో మీడియాలోనో దోషం ఉన్నట్టు. ఏమీ మొలవకపోతే రెండూ శుభ్రం. ఏ ల్యాబ్‌లోనైనా రోజూ చెయ్యవలసిన పని. ఒక పళ్ళెం మీడియా ఉత్తినే పోతుందని నేనే దాన్ని మానిపించాను. మానిపించకపోతే ఓనరుతో ఆ మాట అనడానికి నాకు వీలే ఉండేది కాదు.

ఆ వారంలోనే కాకినాడలో మా బావమరిది కూతురి పెళ్ళి. రెండు రోజులు వెళ్ళక తప్పదు. తాళంచెవి టెక్నీషియన్ అమ్మాయి చేతికిస్తూ, “నూకరత్నాన్ని మాత్రం లోపలికి రానివ్వకు,” అని చెప్పి మరీ వెళ్ళాను.

మూడో రోజు పొద్దున్న నేను వచ్చేసరికి నా బల్ల మీద అయిదు పళ్ళేలు, రెండు సీసాలు ఉన్నాయి. ఇద్దరూ నిలబడి ఉన్నారు.

“ఇవేమిటి? ఎవరు చెయ్యమన్నారు? నిన్ను కల్చర్ రూమ్‌లోకి రావద్దన్నానా లేదా?”

టెక్నీషియన్ అమ్మాయి తాళంచెవి బల్ల మీద పెట్టింది.

“నేను గడప దాటలేదండి,” అంది నూకరత్నం. “గాజు తలుపు బైటే నిలబడ్డాను. కావాలంటే కాలి గుర్తులు చూస్కోండి. ముందు ఇయి చూడండి సార్. ఈ మూడూ నేను కడిగిన పళ్ళేలు. మొదటి రోజు పోసినవి. నీళ్ళు చుక్క వెయ్యలేదు. ఏమన్నా మొలిచిందాండి?”

మూడు పళ్ళేలూ అద్దాల్లా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు.

“అంటే తప్పు నా చేతిలో లేదు. అక్కడికి తేలింది. మరెక్కడుంది? సత్తిబాబు గారి సీసా ఆ రోజు నేను కడుగుతుంటే పులిసిన బెల్లం వాసనొచ్చింది. అంతకుముందు గొడవొచ్చిన ఇద్దరివీ అంతే. ఆ వాసన వేసిన సీసాలు మళ్ళీ మళ్ళీ కడగాలి, అందుకని గుర్తు.”

ఇక్కడ బెల్లం సంగతి చెప్పాలి. మా రైతులు మంచి బ్యాక్టీరియా పొడి కొని, బెల్లం నీళ్ళలో కలిపి, డ్రమ్ముల్లో ఒకటి రెండు రోజులు పులియబెట్టి చెరువులో చల్లుతారు. మంచిది పెరిగితే చెడ్డది తగ్గుతుందని. డ్రమ్ము నుంచి గట్టు చివరిదాకా ఆ నీళ్ళని సీసాల్లో పట్టుకెళ్ళి పోస్తారు. ల్యాబ్‌కి నీళ్ళు తేవాలనుకున్నప్పుడు గట్టు మీద చేతికి అందేది ఆ సీసానే. ఒకసారి జాడించి, ముంచి, బండిలో పెట్టుకుని వచ్చేస్తారు. అడుగున మిగిలిన కాస్త తీపి, పైన మే నెల ఎండ. నీళ్ళలో ఉన్న నాలుగు విబ్రియోలు మా ల్యాబ్ చేరేలోపు ఊరంతై కూర్చుంటాయి.

ఇది నేను ఇప్పుడు చెబుతున్న వివరణ. నూకరత్నం ఇంతకంటే బాగా చెప్పింది. మిగిలిన రెండు పళ్ళేలూ నా ముందుకి జరిపింది.

“ఒకే చెరువు, ఒకే చోటు, ఒకే పూట నీళ్ళండి. ఒకటి నేను కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టిన సీసా. ఒకటి బెల్లం నీళ్ళు పోసి ఓసారి జాడించిన సీసా. మా ఆయన్ని తిట్టి తిట్టి తెప్పించేను. రెండూ ఆటో సీటు వెనకాల పెట్టి మూడు గంటలు ఊరంతా తిప్పేడు. ఎక్కినోళ్ళు ‘ఇదేం బ్రాండు బాబూ’ అని అడిగేరంట.”

టెక్నీషియన్ అమ్మాయి నవ్వు ఆపుకుంది. నేను పళ్ళేలు చూస్తున్నాను. మొదటి దానిలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలు. రెండో దానిలో ఖాళీ చోటు లేదు. సత్తిబాబు చెరువు ప్లేట్ ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది.

నూకరత్నం రెండో సీసా మూత తీసి నా చేతికిచ్చింది.

“ఒక్కసారి వాసన చూడండి సార్.”

చూశాను. లేతగా, పుల్లగా, పానకం పాడైనట్టు. ఇరవై రెండేళ్ళలో శాంపిల్ సీసాని ముక్కు దగ్గర పెట్టుకోవడం అదే మొదటిసారి.

అక్కడే సత్తిబాబుకి ఫోన్ చేశాను. ఆ రోజు నీళ్ళు ఏ సీసాలో తెచ్చావని అడిగాను.

“బెల్లం పోసిన సీసాయేనండి. జాడించేనండీ ఓసారి. మా బావ పట్టుకెళ్ళింది కొత్త సీసా. ఏండీ, తప్పాండి?”

ఆ తప్పు అతనిది కాదు. సీసా గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేను.

ఇంతవరకూ జరిగింది చాలు నేను తల దించుకోవడానికి. కానీ ఆ తరువాతే నేను అసలు తప్పు చేశాను. ఆ మధ్యాహ్నం ఓనరు దగ్గరికి వెళ్ళి, “సార్, లోతుగా పరిశీలించాం. తప్పు సీసాల్లో ఉంది,” అని మొదలుపెట్టి అంతా వివరించాను. ‘పరిశీలించాం’ అన్న ఆ ఒక్క మాటలో నూకరత్నాన్ని కప్పేశాను. ఆయన సంతోషించారు.

“అయితే ఆ గిన్నెలు కడిగే ఆవిణ్ణి ఏం చేద్దామంటారు?”

“ఉండనిద్దాం సార్. తన తప్పు లేదు కదా.”

“మీది మంచి మనసండి మాస్టారూ,” అన్నారు ఆయన.

కనిపెట్టిన పేరూ నాకే వచ్చింది, దయ చూపిన పేరూ నాకే వచ్చింది. కాదనలేదు. బయటికి వచ్చి నూకరత్నంతో, “ఓనరుతో మాట్లాడాను. నువ్వు ఉండొచ్చు,” అన్నాను, వరం ఇచ్చినట్టు. ఆవిడ తల ఊపింది.

“పన్నెండు రోజులూ లెక్కపెట్టక్కర్లేదన్నమాట,” అని సింకు వైపు వెళ్ళిపోయింది.

సత్తిబాబు దగ్గరికి మాత్రం ఓనరూ నేనూ కలిసి వెళ్ళాం. ల్యాబ్ తరఫున పొరపాటు ఒప్పుకున్నాం. పోయిన పంట తిరిగి రాదు. అతను అది గుర్తుచేశాడు, మేం విన్నాం. తరువాత అతను మా దగ్గరికి రావడం మానలేదు. అది అతని పెద్దమనసు.

కొన్ని నెలల తరువాత రైతుల సమావేశంలో సీసాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడాను, చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. నూకరత్నం హాలు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి తను కడిగి మూతలు బిగించిన సీసాలు రెండేసి పంచుతోంది. దిగి వచ్చాక శాలువా ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడుతుంటే అందుకుని నాలుగు మడతలు పెట్టింది.

“మంచి శాలువాయేనండి. ఉతికినా రంగు పోదు,” అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ తరువాత మూడేళ్ళు ఆవిడ పక్కన పని చేశాక, లేదనే అనిపిస్తోంది. లేకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంటోంది.

మరుసటి ఏడాది టెక్నీషియన్ అమ్మాయికి విశాఖపట్నంలో పెద్ద ఉద్యోగం వచ్చింది. చివరి రోజు చెప్పి వెళ్ళడానికి వచ్చింది. మా దగ్గర ఏం నేర్చుకున్నావని మర్యాదకి అడిగాను.

“ఇంటర్వ్యూలో కూడా అదే అడిగారు సార్. శాంపిల్ నాణ్యత గురించి అరగంట చెప్పాను. ఎవరు నేర్పారని అడిగితే నూకరత్నం అక్క అన్నాను. ఆవిడ హోదా ఏమిటన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు సార్.”

ఆ అమ్మాయి కోపంగా అనలేదు. ఉన్నది చెప్పింది. ఆ సాయంత్రం నేను సింకు దగ్గరికి వెళ్ళాను. ఆ ల్యాబ్‌లో నేను సింకు దగ్గరికి వెళ్ళింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

“నూకరత్నం, రేపటి నుంచి ప్లేట్ పొయ్యడం నేర్చుకుంటావా?”

“మీరు నేర్పుతారాండి, తాళంచెవి ఇస్తారాండి?”

“రెండూ.”

“అయితే ఎనిమిదింటికే వస్తాను.”

ఆవిడకి నేర్పడంలో నా చదువు ఎంత పలచనో నాకు తెలిసింది. ప్రతి పనికీ ‘ఎందుకండి’ అనేది. మీడియా ఆరాక పళ్ళెం ఎందుకు బోర్లించాలి? మూత మీద చెమ్మ చుక్క జారిపడి పక్క పక్క చుక్కలు కలిసిపోకుండా అని చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఇరవై ఏళ్ళుగా బోర్లిస్తున్నాను, కారణం ఎప్పుడో మరిచిపోయాను. కొన్నిటికి పుస్తకం తీయవలసి వచ్చింది. నెల తిరిగేసరికి ఆవిడ ప్లేట్ నా ప్లేట్ కంటే సమంగా ఉండేది. మీడియా పాళ్ళు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకి అంటించింది. “మీ పుస్తకం ఇంట్లో మరిచిపోతే చెరువులు ఆగుతాయాండి?” అంది.

ఇప్పుడు మా ల్యాబ్‌లో కొత్తగా ఎవరు చేరినా మొదటి వారం సింకు దగ్గర నూకరత్నం పక్కన నిలబడాలి. వచ్చిన సీసా ఖాళీ చేసే ముందు వాసన చూడాలి, చేత్తో వెచ్చదనం చూడాలి, మూత తిప్పి చూడాలి, అది ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో చెప్పాలి. వారం చివర పది సీసాలు వరసగా పెట్టి పరీక్ష పెడుతుంది. ఆ పరీక్షలో మొదటిసారి నాకు ఆరు వచ్చాయి. రైతుని ఎలా అడగాలో కూడా ఆవిడే నేర్పుతుంది. ఎప్పుడు ముంచావని అడిగితే అందరూ ఇప్పుడే అంటారు. అందుకని, “వస్తా వస్తా ఎక్కడెక్కడ ఆగేరు బాబాయ్?” అని అడుగుతుంది. టీ కొట్టు దగ్గరో, బ్యాంకు దగ్గరో, బావగారింటి దగ్గరో ఆగినట్టు వాళ్ళే చెప్పేస్తారు. అప్పుడు తిట్టదు. రెండు మంచి సీసాలు చేతిలో పెట్టి, పొద్దున్నే ముంచి తిన్నగా తెమ్మంటుంది.

కిందటేడు ఒక కుర్రాడు చేరాడు. సింకు దగ్గర నిలబడమంటే మొహం మాడ్చుకున్నాడు.

“నేను ఎమ్మెస్సీ అండి. గిన్నెలు కడగడానికి రాలేదు.”

“నేను పదో తరగతండి. పాఠాలు చెప్పడానికి రాలేదు,” అంది నూకరత్నం. “ఇద్దరం ఇరుక్కున్నాం. రండి, కడుగుదాం.”

ఆ కుర్రాడు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు. అతనికంటే ముందు చేరిన ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకరు రొయ్య పిల్లలు పెంచే హేచరీలో, ఒకరు వేరే ల్యాబ్‌లో ఉన్నారు. ఏదన్నా ప్లేట్ అర్థం కాకపోతే ఫోటో తీసి పంపుతారు, నాకు కాదు, ఆవిడకి. వాళ్ళకి తెలిసినవాళ్ళని పనికి మా దగ్గరికే పంపుతారు. నేర్పితే పోతారని భయపడి నేను ఎన్నేళ్ళు తాళం వేసుకుని కూర్చున్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ గదిలో దాచుకోదగ్గది ఏమీ లేదు. అక్కర్లేని భయం ఒకటి తప్ప.

ఇది రాయాలని నిర్ణయించుకున్నాక ముందు ఓనరుకి చెప్పాను, పళ్ళేల దగ్గర నుంచి శాలువా దాకా.

“అంటే ఆ రోజు మీరు తీసేయమన్నదీ, ల్యాబ్ నిలబెట్టిందీ ఒకరేనా?” అన్నారాయన.

అవునన్నాను. రావద్దని చెప్పమన్నది ఆయనే. ‘మీరు తీసేయమన్నది’ అనడంలో సగం తప్పించుకున్నారు గానీ, తప్పు ఆవిడదని చెప్పింది నేనే కనుక ఊరుకున్నాను. ఇప్పుడు బయటి గదిలో బల్ల నూకరత్నానిది. ఆవిడ పేరు కింద ‘శాంపిల్స్ – శిక్షణ’ అని రాయించాం. ఎవరన్నా హోదా అడిగితే చెప్పడానికి ఉంటుంది.

రాసిందంతా మొన్న ఆవిడకి చదివి వినిపించాను. నిలబడే విన్నది. బెల్లం దగ్గర నవ్వింది, శాలువా దగ్గర కిటికీలోంచి బయటికి చూసింది. చివరి దాకా విని, “బాగానే రాశారు సార్. ఒక్కటే తేడాగా ఉంది,” అంది.

“ఏమిటి?”

“మొదట్నుంచీ టెక్నీషియన్ అమ్మాయి, టెక్నీషియన్ అమ్మాయి అంటున్నారు. ఆ పిల్లకి పేరు లేదాండి? నేను బైట నిలబడ్డాను. లోపలికెళ్ళి పోసింది ఆ పిల్లే. మీరు కోప్పడితే పోయేది దాని ఉద్యోగం కూడాను.”

తప్పు దిద్దుకుందామని కూర్చుని, అదే కాగితం మీద అదే తప్పు మళ్ళీ చేశాను. పైన రాసినదాన్ని మార్చలేదు. చదివేవాళ్ళకి నేను ఎలాంటివాణ్ణో తెలియాలని అలాగే వదిలేశాను.

ఆ అమ్మాయి పేరు సుస్మిత. నా దగ్గర ఏడాది పైన పనిచేసింది. అన్ని రోజుల్లో నేను ఆమెకి ఇచ్చింది రెండు రోజుల పాటు తాళంచెవి. ఆ రెండు రోజుల్లో వాళ్ళిద్దరూ ఏం చేశారో మీరు చదివారు.